ఆముదం పట్టించిన పన్నెండు గుండ్లు

జొన్న చీలమండ ఎత్తు

ఈ దినచర్య రాయమన్నది తవిటయ్య బావ. "నువ్వు సత్తే గుండ్ల పని ఎవుడికి తెలుత్తాది? రాసి సావు" అన్నాడు. మా మేనత్త కొడుకు. ప్రేమగా అడగడం ఇంతకన్నా చేతకాదు. రన్నేపేట మొత్తానికి ఉన్న ఒక్క తుపాకీ బావది. అందులోకి వెళ్ళే గుండు నాది. ఊరు మా ఇద్దరి మీదా నిలబడి ఉందని అతనంటాడు. నా ఒక్కదాని మీదే నిలబడి ఉందని నేనంటాను.

మా దగ్గర తేదీలు లేవు. సముద్రం పైకొచ్చి కింది ఊళ్ళను మింగినప్పుడు కేలండర్లు కూడా వాటితోనే పోయాయి. పంట ఎత్తే మాకు తేదీ. ఎత్తంటే నా ఎత్తు. బావది తాటిచెట్టు ఒళ్ళు, అతని మోకాలితో కొలిస్తే మా జొన్న ఈ జన్మలో ఎదగదు.

ఇవాళ సీసం కరగబెట్టాను. పాత విమానాశ్రయం బండ్ల చక్రాలకు ఉండే సీసం బిళ్ళలు ఏరి తెచ్చినవే, ఇక అవే ఆఖరు. పైన కట్టిన తెట్టు తీసి, అచ్చులో పోసి, చల్లారాక దులిపాను. అచ్చులోంచి పడిన గుండు చూడ్డానికి ముద్దుగానే ఉంటుంది గాని దాన్ని నమ్మకూడదు. ఒకటి లావు, ఒకటి కోల, ఇంకొకటి ఒక పక్కకు బుగ్గ పెట్టుకుని ఉంటుంది. అన్నిటినీ ఒకే కొలతకు తేవాలి. అందుకే నా కమ్మచ్చు.

మా తాతలు కంసాలులు. ఉక్కు పలకకు వరుసగా బెజ్జాలు వేసి, పెద్ద బెజ్జంలోంచి మొదలుపెట్టి చిన్న బెజ్జం దాకా బంగారు తీగె లాగి సన్నం చేసేవారు. బంగారం పోయింది, కమ్మచ్చు మిగిలింది. దాని బెజ్జాలు కొన్ని నేను పెద్దవి చేసుకుని, సీసం గుండ్లను వాటిలోంచి తోస్తున్నాను. వాళ్ళు లాగారు, నేను తోస్తున్నాను. అంతే తేడా. తోయడానికి పాత కారు జాకీ ఉంది.

పనయ్యాక చేతులు బూడిదతో బాగా తోముకున్నాను. సీసం చేత్తో అన్నం ముట్టుకుంటే ముందు కడుపు పోతుంది, తర్వాత బుర్ర పోతుంది. రెండోది నాకు ఎప్పుడో పోయిందని బావ అంటాడు.

జొన్న మోకాలెత్తు

ఈ పంటకు ఇన్‌స్పెక్టరు తొలిసారి వచ్చి చూసి వెళ్ళాడు.

మనిషి కాదు, ఎగిరే యంత్రం. ఎడ్లబండంత ఉంటాడు. నాలుగు రెక్కలు, ఎండ తిని బతికే వీపు, కడుపు నిండా కలుపు మందు. అతన్ని కట్టినవాళ్ళు ఎప్పుడో పోయారు, అతనికి ఆ కబురు ఎవరూ చెప్పలేదు. అతని పటంలో ఇది ఇంకా విమానాలు దిగే రన్‌వే. మేము దాని మీద మూరెడు మట్టి పోసి జొన్న వేసుకున్నామన్నది అతని బుర్రకు ఎక్కదు. మొక్క ఛాతీ ఎత్తు దాటిందంటే అతనికి అది అడ్డంకి. చెప్పి మరీ చంపుతాడు.

"గమనిక. రన్‌వేపై అడ్డంకి గుర్తించబడినది. తొలగింపు ప్రారంభించబడును. కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాము."

ఆ చివరి ముక్క మా ఊళ్ళో సామెతల కన్నా ఎక్కువ వాడకంలో ఉంది. ఎవరి కాలైనా తొక్కితే చింతిస్తున్నాం. పక్కింటి కోడి కూర వండుకుంటే చింతిస్తున్నాం.

నవ్వులాట పక్కన పెడితే, రెండు పంటలు అలాగే మాడిపోయాయి. ఇప్పుడు నేలలో ఉన్నది ఆఖరి విత్తనం. ఇది పోతే ఊరు ఖాళీ చెయ్యాలని అందరం కూర్చుని ఒప్పుకున్నాం. కొండమీది వాళ్ళు కొన్ని కుటుంబాలను ఆదుకుంటామన్నారు, మిగిలినవాళ్ళు పడవెక్కి ఎటు దారి దొరికితే అటు. నేను పుట్టింది ఈ రన్‌వే మీద. మా అమ్మను పూడ్చింది దాని తూర్పు కొసన. నాకు ఇంకో ఊరు వద్దు. ఎవరైనా అడిగితే సీసం పని అక్కడ కుదరదని చెబుతాను గాని, అసలు సంగతి ఇది.

ఇన్‌స్పెక్టరును కూల్చాలి. మా చిన్నప్పుడు ఒకణ్ణి కూల్చారు, ఎక్కడి నుంచో ఇంకొకడు వచ్చాడు. కాని కొత్తవాడు రావడానికి ఒక పంటకాలం పట్టింది. ఒక పంట చాలు. విత్తనం మళ్ళీ గాదెలో పడుతుంది.

మోకాలు దాటి నాలుగు వేళ్ళు

గుండు కొలతకు తేవడంతో పని అయిపోదు. దాని నడుం చుట్టూ ఉన్న గాడుల్లో కందెన పట్టించాలి. లేకపోతే సీసం తుపాకీ గొట్టం లోపల గీసుకుని అంటుకుపోతుంది. నాలుగు సార్లు పేల్చేసరికి గొట్టం గొంతు పూడుకుపోతుంది. ఆముదం, తేనెమైనం కలిపి కాచిందే అసలైన కందెన. మైనం ఎక్కువైతే పెళుసై రాలుతుంది. ఆముదం ఎక్కువైతే ఎండకు కారి మందును తడుపుతుంది. గోటితో గీరితే గీత నిలవాలి, గోటికి అంటకూడదు.

కుండ తీసి చూస్తే ఆముదం లేదు. అడుగున వాసన మాత్రం ఉంది. ఆ వాసన పట్టుకుని వెళ్తే బావ తల దగ్గర తేలాను.

తవిటయ్య బావ జుట్టు గురించి ఇక్కడ రెండు ముక్కలు రాయక తప్పదు. భుజాల దాకా ఉంటుంది, నల్లగా నిగనిగలాడుతుంది. దాన్ని చూసుకోవడానికి విమానం అద్దం ముక్క ఒకటి బొడ్లో పెట్టుకు తిరుగుతాడు.

"ఊరి కందెనంతా నెత్తికి రాసుకున్నావా బావా?"

"గుండుకి రాస్తే ఏటొత్తాది? పేలిపోద్ది. జుట్టుకి రాస్తే నిలబడతాది" అన్నాడు, సిగ్గు లేకుండా.

నువ్వుల నూనె ప్రయత్నించాను, కారిపోయింది. వెన్న పూసి ఆరబెట్టాను. పిల్లి వచ్చి గుండ్లన్నిటినీ శుభ్రంగా నాకి, తుడిచిపెట్టినట్టు చేసి పోయింది. పాత బేరింగుల్లో గ్రీజు గీరి పూశాను, అది రాయిలా గట్టిపడింది. ఇన్‌స్పెక్టరు ఆగడు కదా, గ్రీజుతోనే కానిచ్చాం.

జొన్న నడుమెత్తు

ఇవాళ కాల్చాం. మొదటి గుండు ఆకాశానికి పోయింది. రెండోది ఇన్‌స్పెక్టరు కాలికి తగిలి ఠంగుమంది. అతను గాలిలో కాస్త వంగి, "కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాము" అన్నాడు. మా అసౌకర్యమో తనదో తెలియలేదు. ఆ తర్వాత గుండ్లన్నీ అడ్డదిడ్డంగా పోయాయి. గొట్టంలో సీసం పేరుకుపోయింది. దాన్ని గీకి తీయడానికి సాయంత్రం దాకా పట్టింది. బావ నన్ను తిడుతూ గీకాడు, నేను అతని జుట్టును తిడుతూ గీకాను.

నా దగ్గర మిగిలింది ఒక్క గుండు. సీసం లేదు, ఆముదం లేదు.

కొండమీది వాళ్ళ దగ్గర రెండూ ఉన్నాయి, అచ్చులూ ఉన్నాయి. వాళ్ళతో మాకు అద్దం కబుర్లు నడుస్తాయి. ఎండలో అద్దం తిప్పితే ఒక్కో మెరుపు వరుసకు ఒక్కో అక్షరం. అటు వైపు అద్దం పట్టేది అసిరినాయుడు మావ. పెద్దమనిషి, మాట తక్కువ. పడమటి నుంచి మబ్బు కమ్ముకొస్తోంది, అందుకని పొదుపుగా పంపాను.

నేను: "పన్నెండు గుండ్లు కావాలి. ఆముదం, మైనం కలిపి బాగా పట్టించి పంపండి. మా పంట మీ చేతుల్లో ఉంది."

ఆముదం కుండ పడవలో ఒలికిపోతుంది. గుండ్లకే పూసి పంపితే ఆ బాధ ఉండదని నా తెలివి.

కొండ మీద అద్దం రెండుసార్లు ఊరికే మెరిసింది. తర్వాత: "ఎవరివి?"

అక్కడ అచ్చులున్న ఇళ్ళు రెండు మూడున్నాయి. ఎవరి అచ్చు కావాలని అడుగుతున్నాడు కాబోలు అనుకున్నాను. "ఎవరివైనా సరే. నున్నగా ఉండాలి. గరుకు పనికిరాదు."

కొండ: "ఆడవాళ్ళవి పనికొస్తాయా?"

కొండమీద ఆడవాళ్ళు కూడా ఈ పనిలోకి దిగారన్నమాట! నాకు భలే సంతోషమేసింది. "మరీ మంచిది. ఆడవాళ్ళవైతే శుభ్రంగా ఉంటాయి."

కొండ: "కొలత?"

"హెచ్చుతగ్గులుంటే ఫరవాలేదు. ఇక్కడ నేను కమ్మచ్చులో తోసి సరిచేస్తాను."

అవతల అద్దం ఒకసారి వణికినట్టు మెరిసింది. అంతలో మబ్బు పట్టేసింది.

నడుముకూ ఛాతీకీ మధ్య

ఇవాళ వచ్చాయి. వచ్చారు.

మధ్యాహ్నం రేవులో పడవ ఆగిందని కేకలు వినబడితే చేట పట్టుకుని పరిగెత్తాను, గుండ్లు పోయించుకోవడానికి. మెట్లెక్కి ముందు వస్తున్నది అసిరినాయుడు మావ. తల మీద ఒక్క వెంట్రుక లేదు. ఆముదం, మైనం పట్టించి ఉంది. ఎండ దాని మీద పడి నా కళ్ళలోకి కొట్టింది. ఆయన వెనక ఇంకో నున్నటి తల. దాని వెనక ఇంకోటి. వరుసగా పైకి వస్తున్నాయి.

నాకు అర్థం కావడానికి చాలాసేపు పట్టింది. అర్థమైన తర్వాత చేట కింద పడేశాను.

మావ నా ముందు నిలబడి, అప్పగింతలు పెడుతున్నవాడిలా అన్నాడు. "ఇదిగోనమ్మా పైడమ్మా, అడిగినావు గదా. పన్నెండూ తెద్దామనుకున్నాం గానీ పదకొండే తేలినాయి. ఎంకటప్పడు పారిపోనాడు."

"ఎందుకు మావా?" అన్నాను.

"కమ్మచ్చులో తోత్తానన్నావంట గదా. ఆడి బుర్ర కొండ మొత్తానికి పెద్దది."

అందరూ నా వైపు చూశారు. ఒకాయన రెండు చేతులతో చెవులు మూసుకుని, "తోయక తప్పదేటమ్మా?" అని నెమ్మదిగా అడిగాడు.

నేను నవ్వాను. కూలబడి నవ్వాను. నా వెనక తవిటయ్య బావ కడుపు పట్టుకుని దొర్లుతున్నాడు. నవ్వుతూనే వాళ్ళకు చెప్పాను, నేను అడిగింది సీసం గుండ్లని, తుపాకీ గుండ్లని. చెబుతూ చెబుతూ వరుస చివరనున్న మనిషిని చూసి నా నవ్వు ఆగిపోయింది.

నూకాలు. అసిరినాయుడు మావ మనవరాలు. మోకాళ్ళ దాకా జుట్టు ఉండే పిల్ల. ఆ జడ చూడ్డానికి పక్క ఊళ్ళ వాళ్ళు కొండెక్కేవారు. చంటిపిల్ల తలలా చిన్నగా ఉంది ఆ తల. చెవి వెనక కత్తి గాటు ఒకటి ఎర్రగా కనిపిస్తోంది.

"ఎందుకని అడగలేదేమిటి మావా?" అని అరిచాను. కోపం నా మీదే, అరిచింది ఆయన మీద.

"అడగడానికి సూరీడేడీ? మబ్బట్టీసింది. పంట మీ సేతుల్లో ఉందన్నావు. ఏదో మొక్కు మొక్కినావనుకున్నాం. ఒకరి మొక్కుని ఎందుకని అడుగుతారేటమ్మా?"

"నాదే తప్పు పైడప్పా" అంది నూకాలు. "తాత ఆడవాళ్ళవి పనికొత్తాయా అంటే నువ్వు మరీ మంచిదన్నావంట. అయితే నాది తీసీండని నానే కూకున్నాను." తల తడుముకుని, అలవాటు లేని చోట చెయ్యి పడినట్టు వెంటనే తీసేసింది. "తేలిగ్గానే ఉంది" అని నవ్వబోయింది గాని ఆ నవ్వు సగంలో ఆగిపోయింది.

ఆ పిల్లను దగ్గరకు తీసుకున్నాను. నా చెంపకు ఆముదం అంటింది. మంచి కందెన, పాళ్ళు సరిగ్గా కుదిరాయి. ఆ మాట ఎవరితోనూ అనలేదు.

ఇప్పుడు నా దగ్గర ఒక్క గుండూ, పదకొండు గుండ్లూ ఉన్నాయి. మళ్ళీ కొండకు మనిషిని పంపి సీసం తెప్పించే లోపల జొన్న ఛాతీ దాటిపోతుంది.

ఛాతీకి రెండు వేళ్ళు తక్కువ

పొద్దున్న అతిథులు రన్‌వే ఖాళీ కొసన, మేము ధాన్యం ఆరబోసుకునే చోట, అటు ఇటు కూర్చుని అంబలి తాగుతున్నారు. ఇన్‌స్పెక్టరు తన రౌండుకు వచ్చాడు. జొన్న మీద తిరిగాడు, కొలిచాడు. ఇంకా ఎత్తు రాలేదని వెళ్ళిపోతాడనుకున్నాను. వెళ్ళలేదు. వీళ్ళ మీదకొచ్చి గాలిలో నిలబడ్డాడు. నా జన్మలో ఎప్పుడూ వినని మాట ఒకటి అన్నాడు.

"దీపములు గుర్తించబడినవి. వరుసలు సమముగా లేవు. దిగుట సాధ్యపడదు."

అని వెళ్ళిపోయాడు.

చేతిలో అంబలి ముంత అలాగే ఉంది, నా బుర్ర మాత్రం తిరగడం మొదలుపెట్టింది. ఆ కొసన రన్‌వేకు రెండు అంచులా పాత దీపాల మొండేలున్నాయి. విమానాలు దిగడానికి దారి చూపే దీపాలు. మా వాళ్ళు వాటి గాజు ఎప్పుడో ఊడదీసి పచ్చడి జాడీలకు మూతలు చేసుకున్నారు. ఎండలో మెరుస్తున్న ఈ తలలు ఇన్‌స్పెక్టరుకు ఆ దీపాల్లా కనబడ్డాయి. దీపాలు వెలిగితే రన్‌వే బతికి ఉన్నట్టు. బతికి ఉంటే దిగి తనిఖీ చెయ్యాలని అతని బుర్రలో ఎవరో రాసిపెట్టి ఉంటారు. అటు ఆరుగురు కూర్చున్నారు, ఇటు ఐదుగురు. సమంగా లేవు.

దిగితే చాలు. గాలిలో ఉన్నవాణ్ణి కొట్టడానికి పన్నెండు గుండ్లు కావాలేమో గాని, నేల మీద ఉన్నవాడికి ఒక్కటి చాలు.

ఇంకొక తల కావాలి.

అందరం తవిటయ్య బావ వైపు తిరిగాం. నేను నా తల ఇస్తానన్నాను. దిగినవాడి కడుపు కింద పాకి పని చెయ్యగల పొట్టిదానివి నువ్వే, కూర్చుంటే ఎలా అన్నాడు మావ. ఊళ్ళో మిగిలినవాళ్ళు కూడా ముందుకొచ్చారు. కాని అక్కడున్న ఆముదమంతా పదకొండు తలల మీద ఉంది, కొత్త తలకు పట్టించడానికి చుక్క లేదు. ఆముదం ముందే పీల్చుకుని ఉన్న తల ఊరి మొత్తంలో ఒక్కటే.

"నా వొంక సూడకండి" అన్నాడు బావ.

"బావా."

"తుపాకీ ఇచ్చీత్తాను. ఇల్లు రాసిచ్చీత్తాను. ఇది మాత్రం అడక్కే పైడీ."

నూకాలు లేచి అతని ఎదురుగా వచ్చి కూర్చుంది. ఆ చిన్న తల వంచి, చెవి వెనక గాటు కనబడేట్టు కూర్చుంది, అంతే. బావ దాన్ని చూశాడు. బొడ్లో అద్దం ముక్క తీసి చివరిసారిగా చూసుకున్నాడు. అద్దం నాకిచ్చి, "కత్తి పదునుగా ఉందేటి?" అని అడిగాడు.

నూకాలే గీసింది. బావ కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. జుట్టు కుచ్చులు కుచ్చులుగా పడుతుంటే నాకు ఏడుపొచ్చింది. ఆ జుట్టును ఇన్నాళ్ళూ నా అంత తిట్టినవాళ్ళు లేరు. తెచ్చిన మైనం ముద్ద ఒకటి మిగిలితే అది నేనే రుద్దాను. ఎన్నో గుండ్లకు కందెన పట్టించాను గాని, పట్టిస్తుండగా నన్ను బూతులు తిట్టిన గుండు ఇదే మొదటిది.

ఛాతీ ఎత్తు

జరిగింది జరిగినట్టు రాస్తాను.

అటు ఆరుగురు, ఇటు ఆరుగురు, దీపాల మొండేల మీద కూర్చున్నారు. కదలకూడదు, తల తిప్పకూడదు. నేను పక్కనే గోనెపట్టా కింద పడుకున్నాను. బావ తుపాకీ, నా ఒక్క గుండు, కొలత తేడా వస్తే సరిచెయ్యడానికి కమ్మచ్చు, జాకీ, సుత్తి నాతోనే ఉన్నాయి.

ఇన్‌స్పెక్టరు ముందు జొన్న మీదకే పోయాడు. ఎత్తు కొలిచాడు. "గమనిక" అన్నాడు. సరిగ్గా అప్పుడే మబ్బు తునక ఒకటి సూర్యుడికి అడ్డమొచ్చింది. పన్నెండు తలలూ ఆరిపోయాయి. "రన్‌వేపై అడ్డంకి గుర్తించబడినది. తొలగింపు..." అతని కడుపు కింద మూత తెరుచుకున్న చప్పుడు నాకు వినబడింది. నేను పట్టా కింద మబ్బును తిట్టినన్ని తిట్లు జన్మలో ఎవరినీ తిట్టలేదు.

మబ్బు కదిలింది.

"దీపములు గుర్తించబడినవి" అన్నాడు. మూత మూసుకుంది. "వరుసలు సమము. దిగుచున్నాము."

దిగాడు. ఆ రెక్కల గాలికి దుమ్ము లేచి వాళ్ళ ముఖాల మీద కొట్టింది. ఎవరూ కదల్లేదు. "తనిఖీ జరుగుచున్నది" అని గొణుక్కుంటూ రెండు వరుసల మధ్య కూర్చున్నాడు. నేను పాక్కుంటూ అతని కడుపు కిందకు చేరాను.

బావ పేల్చమని ముందే చెప్పాడు. తుపాకీలో పెట్టుకుని దగ్గర నుంచి ఒక్క దెబ్బ కొట్టమని. కాని కడుపు కిందకెళ్ళి మూత లాగి చూస్తే మందు తొట్టి నుంచి వచ్చే గొట్టం ఒక్కటే. దాని మూతి చూస్తే, నా గుండు కన్నా వెంట్రుకవాసి సన్నం. కంసాలి ఇంట్లో పుట్టినదాన్ని, కన్ను వెంటనే కొలిచేసింది. కూలిస్తే ఇంకొకడు వస్తాడు. ఒక్క పంటే దక్కుతుంది. ఇతన్ని బతకనిచ్చి నోరు మాత్రం మూస్తే?

వెనక్కి పాకి వచ్చాను. గుండును కమ్మచ్చులో తర్వాతి చిన్న బెజ్జంలో పెట్టి జాకీ తిప్పాను. తుపాకీ గొట్టం కొలత పోయి మందు గొట్టం మూతి కొలత రావాలి. ఎక్కువ సన్నమైతే ఊడిపోతుంది. లావైతే దిగదు. ఇంకో గుండు లేదు.

ఎండ మండిపోతోంది. వాళ్ళ తలల మీద మైనం కరిగి నుదుటి మీదకు, కళ్ళలోకి కారుతోంది. నూకాలు కళ్ళు ఎర్రబడి నీళ్ళు ధారలుగా పోతున్నాయి, ఆ పిల్ల రెప్ప కూడా వెయ్యడం లేదు. మావ ముక్కు మీద ఈగ తాపీగా తిరుగుతోంది. తవిటయ్య బావ పెదవులు కదల్చకుండా, "బేగి కానీయే" అని సణుగుతున్నాడు.

"తనిఖీ ముగియనున్నది" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

గుండు బెజ్జంలోంచి అవతలికి పడింది. నా దగ్గర కందెన లేదు. పాకుతూ వెళ్తూ దారిలో బావ నెత్తి మీద దాన్ని ఒక్కసారి గిర్రున తిప్పాను. "ఒలే" అన్నాడు, అంతకన్నా కదల్లేదు. చేతులకు గుడ్డ చుట్టుకుని గుండును గొట్టం మూతిలో పెట్టాను. సుత్తితో తట్టాను. దిగింది. ఇంకోసారి తట్టాను. సీసం మెత్తగా చుట్టూ ఒత్తుకుని కూర్చుంది. చుక్క కూడా కారడం లేదు.

ఇన్‌స్పెక్టరు లేచాడు. జొన్న మీదకెళ్ళాడు. "గమనిక" దగ్గర నుంచి మొదలుపెట్టి చింతిస్తున్నాము దాకా ఒక్క ముక్క వదలకుండా చెప్పాడు. మూత తెరిచాడు. లోపల ఏదో గుడగుడమంది. ఒక్క బొట్టు రాలలేదు. చేనంతా ఈ కొస నుంచి ఆ కొస దాకా శ్రద్ధగా తిరిగాడు, ఉత్త గాలి చల్లుకుంటూ.

"తొలగింపు పూర్తయినది. సహకరించినందుకు ధన్యవాదములు."

"ఒలే పైడీ" అన్నాడు బావ, ఇంకా కదలకుండానే. "ఆడు మనకి దన్యవాదాలు సెప్పినాడే."

నేను రన్‌వే మీద కూర్చుని బిగ్గరగా ఏడ్చాను. సంతోషమే. దాచుకోవడానికి ఏముంది?

కంకి

జొన్న కోశాం. మొదటి బస్తా కొండకు పోయింది. నూకాలు మూటగట్టి తెచ్చిన తన జుట్టు తిరిగి తీసుకెళ్ళలేదు. "మొక్కు కాకపోయినా ఇచ్చీసిందే గదప్పా" అంది. దాన్ని తూర్పు కొసన మా అమ్మ దగ్గర పూడ్చాను. ఇన్‌స్పెక్టరు ఇప్పటికీ వస్తున్నాడు, గాలి చల్లి, ధన్యవాదాలు చెప్పి పోతున్నాడు. పిల్లలు అతనికి దండం పెడుతున్నారు.

కొండ నుంచి సీసం, ఆముదం వచ్చాయి. కావలసినన్ని గుండ్లు పోసి, కమ్మచ్చులో తోసి, కందెన పట్టించి, వరుసగా పెట్టుకున్నాను. ఈసారి ఆముదం కుండకు తాళం వేశాను. దొంగకు ఇప్పుడు అవసరం లేదు గాని, ఆ జుట్టు మళ్ళీ పెరుగుతుంది కదా.

మళ్ళీ చీలమండ ఎత్తు

బావ జుట్టు చెవుల దాకా వచ్చింది. అద్దం ముక్క తిరిగి అడిగి తీసుకున్నాడు.

ఇవాళ పొద్దున్న కొండ మీద అద్దం మెరిసింది. నేనే చదివాను. "పైడమ్మా, మాకు కష్టం వచ్చింది. పన్నెండు గుండ్లు కావాలి. బేగి." అంతే. మబ్బు పట్టేసింది. ఏ గుండ్లో అడగడానికి సూర్యుడు లేడు.

అడవిపందులు పడ్డాయేమో, సీసం గుండ్లు కావాలేమో. వాళ్ళ వైపు కూడా ఇంకో ఇన్‌స్పెక్టరు తిరుగుతున్నాడేమో. మొక్కేమో. నేను సందేహిస్తూ ఊరి మధ్యకు వెళ్ళి కబురు చదివి వినిపించాను.

ఎవరూ ఎందుకని అడగలేదు. తవిటయ్య బావ కాసేపు తల దువ్వుకున్నాడు. దువ్వెన పక్కన పెట్టాడు. కత్తి తీసి నా చేతిలో పెట్టి నా ముందు కూర్చున్నాడు.

"ముందు నాది తియ్యే" అన్నాడు.

తీశాను. అతని తర్వాత పది మంది కూర్చున్నారు. పన్నెండోది నాది, బావ గీశాడు. వంకరగా గీశాడు, రెండు చోట్ల తెగింది. కుండకు తాళం తీసి అందరికీ ఆముదం, మైనం పట్టించాను. తర్వాత సీసం గుండ్లు పన్నెండు, కొలతకు వచ్చినవే, కందెన పట్టించినవే, ఏరి సంచిలో కట్టాను.

ఇప్పుడు పడవలో ఉన్నాం. ఏది అడిగి ఉంటే అది తీసుకుంటారు. తల మీద గాలి చల్లగా తగులుతోంది, తేలిగ్గానే ఉంది. నూకాలుకు ఆ మాట చెప్పాలి.